సిమ్యులేటర్‌లో ఆవిరి ఇంజన్ సర్దుబాటు

రైలు సిమ్యులేటర్‌లో ఆవిరి ఇంజన్ అసలుదానిలా నడవాలంటే కొలతలతోపాటు ఆవిరి లెక్కా కుదరాలి. సికింద్రాబాద్–వాడి లాంటి బ్రాడ్‌గేజ్ మార్గాలకు భారతీయ రైల్వేల డబ్ల్యూపీ ఇంజన్ చక్కని ఉదాహరణ. చదరపు అంగుళానికి 210 పౌండ్ల బాయిలర్ పీడనం, 20.25 అంగుళాల వ్యాసం, 28 అంగుళాల స్ట్రోకు ఉన్న రెండు సిలిండర్లు, 67 అంగుళాల చోదక చక్రాలు నమోదు చేస్తే, 85 శాతం పీడనం వద్ద లాగుడు బలం సుమారు 30,600 పౌండ్లు రావాలి. ఇది బండి బయలుదేరేటప్పటి సంఖ్య. అసలు పరీక్ష వేగం అందుకున్నాకే. కటాఫ్‌ను, అంటే పిస్టన్ స్ట్రోకులో ఆవిరి లోపలికి వచ్చే భాగాన్ని, 70 శాతం దగ్గరే వదిలి, సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటర్ పూర్తిగా తెరిస్తే బాయిలర్ పీడనం ముల్లు కిందికి జారాలి. కటాఫ్ 25 శాతానికి తగ్గిస్తే, సిలిండర్‌లో చేరిన కొద్దిపాటి ఆవిరే వ్యాకోచించి పిస్టన్‌ను నెడుతుంది, ముల్లు కుదుటపడుతుంది. ఎంత బరువు లాగినా ముల్లు చలించకపోతే బాయిలర్ ఆవిరి ఉత్పత్తి విలువను తగ్గించాలి.