1202: ఒక హెచ్చరిక చరిత్ర

1969 జూలై 20న ఈగిల్ నౌక చంద్రునిపై దిగుచుండగా, దానిలోని కంప్యూటరు 1202 అను సంఖ్యను చూపి హెచ్చరించెను. దీని భావమేమని ఆర్మ్‌స్ట్రాంగ్ భూమిపైవారిని అడిగెను. దిగవలెనా, మరలవలెనా? నిర్ణయమునకు క్షణములే వ్యవధి.

కొలది దినములకు ముందు జరిగిన అభ్యాసములో ఇట్టి హెచ్చరికకే బెదరి, హ్యూస్టన్‌లోని మార్గదర్శక అధికారి స్టీవ్ బేల్స్ దిగుటను నిష్కారణముగా మాన్పించెను. అంతట, ప్రతి హెచ్చరికకును చేయవలసినదేమో ముందే నిర్ణయింపుడని జీన్ క్రాంజ్ ఆదేశించెను. జాక్ గార్మన్ చేతివ్రాత పట్టిక అట్లు పుట్టినదే. 1202 అనగా యంత్రమునకు పని మించినదని మాత్రమే అర్థము. అది ఎడతెగక రానంతవరకు భయము లేదు. రాడారునుండి వచ్చుచున్న అక్కరలేని సంకేతములు యంత్రపు కాలమును హరించుచుండెను. అదియు, మెచ్చదగినట్లుగా, చిల్లర పనులను వదలి నౌకను నడుపు పనిని మాత్రము విడువక సాగించెను. సాగవచ్చునని బేల్స్ పలికెను. ఈగిల్ దిగెను.

కార్యాలయముల కంప్యూటరు సేవలలో ఈ వివేకము గ్రంథస్థమగుటకు చాల కాలము పట్టెను. బ్రిటిష్ ప్రభుత్వము 1980 దశకము చివర ప్రకటింప నారంభించిన ఐ.టి.ఐ.ఎల్. అను గ్రంథమాలలో, 2007 నాటి మూడవ కూర్పునగాని యంత్రములు తెలుపు సంఘటనలను గమనించుటయు, జనుల కోరికలను తీర్చుటయు ప్రత్యేక విధులు కాలేదు. అంతకుముందు పాస్‌వర్డు మరచినవాని విన్నపమును, యంత్రము నిలిచినదన్న మొరయు ఒకే చిట్టాకెక్కుచుండెడివి.