ఉప్పు మనకి, కడిగిన నేల వాళ్ళకి (మన నేల చరిత్ర – 14)



పోయిన భాగంలో డి-పట్టాల గురించి రాస్తే, దివిసీమ నుంచి ఒక తమ్ముడు కింద ఇలా అడిగాడు: "అన్నా, మా తాతకి ఇచ్చిన ఎకరం ఉత్త చౌడు. దాని కోసం ఇంత చరిత్ర ఎందుకు?"

ఈ భాగం ఆ తమ్ముడి కోసమే. చౌడుకీ చరిత్ర ఉంది తమ్ముడూ. నాలుగు ప్రశ్నలు వేసుకో. ఆ నేల ఎలా పాడైంది? ఎవరి వల్ల పాడైంది? బాగుచేయడానికి సర్కారు డబ్బు ఎప్పుడు వచ్చింది? బాగుపడ్డాక అది ఎవరి చేతికి పోయింది? మొదటి మూడింటికీ పుస్తకాల్లో జవాబులు దొరుకుతాయి. నాలుగో ప్రశ్న ఎవరూ అడగరు. మనం అడగాలి.

ఇప్పుడే ఎందుకంటే, పాడైన నేలను బాగుచేసే కాలం మళ్ళీ వచ్చింది. 2024 అక్టోబర్ 2న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మన బందరు వచ్చి చెత్త పన్ను రద్దు చేస్తున్నామని చెప్పారు. రాష్ట్రంలో 85 లక్షల టన్నుల పాత చెత్త పేరుకుపోయిందనీ, ఏడాదిలో తీసేస్తామనీ అన్నారు. దాని వెనక ఢిల్లీ పథకం ఉంది. 2021 అక్టోబర్‌లో మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశ అది. దేశం మొత్తం మీద సుమారు 16 కోట్ల టన్నుల పాత చెత్త 15,000 ఎకరాల పట్టణ భూమిని ఆక్రమించిందని కేంద్రం లెక్క. చెత్త తీసి ఆ భూమిని మళ్ళీ వాడుకలోకి తేవడమే లక్ష్యం.

మంచిదే. చెత్త పోవాలి. కానీ 15,000 ఎకరాలు ఎవరి వాడుకలోకి?

*

ముందు ఒక మాట. మన దేశంలో "కలుషితం" అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి శాస్త్రం చెప్పేది. రెండోది కులం చెప్పేది, దాని పాత పేరు మైల. 1927లో బాబాసాహెబ్ మహాడ్‌లో చౌదర్ చెరువు నీళ్ళు తాగితే సవర్ణులు ఆ చెరువుని పంచగవ్యంతో శుద్ధి చేశారు. మనం ముట్టుకుంటే మైల పడింది కాబట్టి శుద్ధి. 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెల్ని కడిగి కుడితి పారబోశారు. అడిగినందుకు మనుషుల్ని చంపారు.

అంటే మన నీళ్ళు పాడైతే అది కాలుష్యం కాదు. మనం ముట్టుకుంటేనే కాలుష్యం. నేల విషయంలోనూ ఈ సూత్రమే నడిచిందా అన్నది చూద్దాం.

*

1864 నవంబర్ 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. సుమారు 30,000 మంది పోయారని అంచనా. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు కొట్టుకున్న రేవు ఆ దెబ్బ తర్వాత మళ్ళీ పాత వైభవానికి రాలేదు. చరిత్ర పుస్తకాలు రేవు గురించి ఏడుస్తాయి. పొలం గురించి తక్కువ చెబుతాయి.

సముద్రం వెనక్కి పోతుంది, ఉప్పు పోదు. డెల్టా నల్లమట్టిలో అది రెండు రకాలుగా కూర్చుంటుంది. ఎండాకాలం పైకి తెల్లగా తేలితే పాలచౌడు. సోడియం మట్టిని పట్టేసి, నేల బిగుసుకుని, నీళ్ళు ఇంకకుండా నల్లగా నిలబడితే కారుచౌడు. పాలచౌడుకి మందు మంచినీళ్ళే: మడి కట్టాలి, దమ్ము చేయాలి, ఆ నీళ్ళు మురుగు కాలవలోకి వదలాలి, మళ్ళీ కట్టాలి. కారుచౌడుకి ముందు జిప్సం వేసి సోడియాన్ని విడిపించాలి, జీలుగ వేసి కలియదున్నాలి, అప్పుడు కడగాలి. రెండింటికీ కావలసినవి రెండే: పైనుంచి మంచినీళ్ళు, కిందికి పారే మురుగు కాలవ.

మంచినీళ్ళు ఎక్కడివి? 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవ తలదగ్గర ఉన్న ఆసామికి నీళ్ళు ముందు అందాయి. శివారు వాడికి ఆఖరున అందాయి, కొన్ని ఏళ్ళు అసలు అందలేదు. మురుగు మాత్రం పైవాళ్ళందరిదీ శివారు మీదుగానే సముద్రానికి పోవాలి. కాబట్టి నేల కడగడం అనేది మొదటి రోజు నుంచీ కాలవ మీద ఎవరి మాట చెల్లుతుందన్న సంగతే.

మరి శివారు ఎవరిది? 1891లో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ పరయల దుస్థితి మీద నివేదిక రాశాడు. ఆ తర్వాత మద్రాసు సర్కారు అణగారిన కులాలకి బంజరు పంచడం మొదలుపెట్టింది. 1920 నుంచి ఆ పని లేబర్ డిపార్టుమెంటు చూసింది. మన జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ దానంలో ఒక మెలిక ఉంది. రైతులు వద్దన్న నేల, వరద వస్తే మునిగే లంక, సముద్రం పక్క చౌడు – ఇవే "మిగులు". మంచి నేల జమీందార్ల దగ్గరా, రైతు కులాల దగ్గరా ఉండిపోయింది. మంచి నేలలో వాటా అడిగితే ఏమవుతుందో చల్లపల్లి చెబుతుంది. అక్కడి జమీందారీ భూముల కోసం గుంటూరు బాపనయ్య లాంటి దళిత కమ్యూనిస్టులు ఏళ్ళకేళ్ళు కొట్లాడాల్సి వచ్చింది.

పాడు నేల దరఖాస్తు మీద వస్తుంది, మంచి నేల పోరాటం మీద కూడా రాదు. తాతగారి ఎకరం చౌడెందుకైందో అర్థమైందా తమ్ముడూ?

*

1977లో మనకు రెండు సంఘటనలు జరిగాయి. ఒకటే అందరికీ గుర్తుంది.

ఆ ఏడాది అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. పేదకిచ్చిన భూమిని అమ్మినా, తాకట్టు పెట్టినా, కౌలుకిచ్చినా చెల్లదు. ఎవరైనా లాక్కుంటే సర్కారు తిరిగి తీసుకుని అసలు పట్టాదారుకే ఇవ్వచ్చు. కాగితం మీద మనకున్న గట్టి గోడ ఇది.

నవంబర్ 19న ఉప్పెన వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. చచ్చిపోయినవాళ్ళు అధికార లెక్కలోనే పది వేల దాకా. డాబాల్లో ఉన్నవాళ్ళు చాలామంది మిగిలారు, గుడిసెల్లో ఉన్నవాళ్ళు పోయారు. కూలీలు, చేపల వేటగాళ్ళు, మన పల్లెలు. ఇళ్ళు కట్టారు, తుఫాను షెల్టర్లు కట్టారు. కాదనను. కానీ ఉప్పు పట్టిన పొలం తేరుకోవడానికి నీళ్ళున్నవాడికి పట్టిన కాలం వేరు, శివారు వాడికి పట్టిన కాలం వేరు.

ఉప్పుని తట్టుకునే వరి కోసం బందరు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఎం.సి.ఎం. 100 లాంటి రకాలు తయారుచేసింది. బాపట్లలో చౌడు భూముల మీద శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. అంటే విద్య లేక కాదు. విత్తనం ఉంది, జిప్సం ఉంది. మురుగు కాలవలో పూడిక తీసే దిక్కు లేదు. కాలవ పూడితే కడిగిన ఉప్పు వేసవిలో మళ్ళీ పైకొస్తుంది.

*

1990ల్లో మూడోసారి ఉప్పొచ్చింది. ఈసారి సముద్రం తేలేదు. మోటార్లు పెట్టి తెచ్చారు.

రొయ్య. నాగాయలంక, కోడూరు, బందరు తీరం వెంట పొలాలు చెరువులయ్యాయి. ఉప్పునీళ్ళు ఏళ్ళ తరబడి నిలబెడితే చెరువు అడుగు పాడవుతుంది, గట్టు అవతలి పక్కోడి మడిలోకి ఊట దిగుతుంది. ఊట దిగిన మడిలో వరి పండదు. పండని మడిని ఆ చెరువు ఆసామికే కౌలుకివ్వాలి. బలవంతం చేసినట్టు ఎక్కడా కనిపించదు. ఊటే ఆ పని చేస్తుంది. ఆ మడి డి-పట్టా అయితే కౌలు 1977 చట్టం ప్రకారం చెల్లనే చెల్లదు. అయినా చెరువు తవ్వే పొక్లెయిన్ ఎక్కడా ఆగలేదు.

1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పిచ్చింది. ఆ కేసు వేసిన ఎస్. జగన్నాథన్ ఎవరో మనవాళ్ళు తెలుసుకోవాలి. 1968లో కీళ్‌వెన్మణిలో 44 మంది దళితుల్ని కాల్చి చంపాక, ఆయన, దళిత కుటుంబంలో పుట్టిన ఆయన సహచరి కృష్ణమ్మాళ్ తంజావూరు డెల్టాలో భూమిలేని దళితులకి భూమి ఇప్పించే పనిలో దిగారు. ఇప్పించిన భూమి పక్కనే రొయ్యల చెరువులొచ్చాయి. అందుకే కోర్టుకెక్కారు. అంటే ఆ కేసు మొదలైంది దళితుల పొలం గట్టు మీద.

తీర్పు ఏమంది? వ్యవసాయ భూమినీ ఉప్పు మడులనూ రొయ్యల చెరువులుగా మార్చకూడదు. పాడుచేసినవాడే ఖర్చు పెట్టుకోవాలి. ఒక అథారిటీ వేసి, నష్టపోయిన కుటుంబాల్ని గుర్తించి పరిహారం తేల్చాలి. నేలను తిరిగి బాగుచేసే ఖర్చు కూడా వాళ్ళ దగ్గరే వసూలు చేయాలి. ఆ కాలానికి ఇంతకన్నా స్పష్టమైన మాట లేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీర నియంత్రణ నిషేధం ఆక్వాకి వర్తించదని, అదీ 1991 నుంచే వర్తించదని రాసింది. కోర్టు కూల్చమన్న గట్టు చట్టంతో నిలబడింది.

గుడివాడ వైపు కథ మంచినీటి చేపది. నందివాడ చుట్టుపక్కల వరి మడులు చేపల చెరువులయ్యాయి, ఊట సూత్రం అక్కడా అదే. పక్కనే ఉన్న కొల్లేరులో 1970ల్లో వెంగళరావు సర్కారు వడ్డీలకీ దళితులకీ సంఘాల పేరిట చెరువులిచ్చింది. పెట్టుబడి పెట్టినవాడు లీజు పేరుతో లోపలికొచ్చి విస్తరించాడు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు. సరస్సు బతకాలి, నిజమే. కానీ పెట్టుబడిదారుడు డబ్బు ఇంకో మండలానికి పట్టుకెళ్ళాడు. సంఘం సభ్యుడు ఎక్కడికెళ్ళాలి?

*

ఇక చెత్త. బందరు మునిసిపాలిటీ 1866లో పుట్టింది, ఉప్పెన వచ్చిన రెండేళ్ళకి. అప్పట్నుంచి ఈ రోజు దాకా ఊరి చెత్త ఎత్తే చేతులు ఎవరివో నేను చెప్పక్కర్లేదు. రెల్లి, మాదిగ, మాల. చెత్త పోసే చోటు కూడా మామూలుగా మన పేటల పక్కనే ఉంటుంది, ఎందుకంటే అభ్యంతరం చెబితే వినాల్సిన అవసరం లేని జనం అక్కడే ఉన్నారు.

ఇప్పుడు చేస్తున్న పనిని బయోమైనింగ్ అంటారు. గుట్టను తవ్వి, వరసలుగా పోసి, కుళ్ళబెట్టే ద్రావణం చల్లి తిప్పుతారు. తిరిగే జల్లెడలో పోసి మట్టి, రాళ్ళు, ప్లాస్టిక్ వేరుచేస్తారు. ప్లాస్టిక్ సిమెంటు ఫ్యాక్టరీ పొయ్యికి పోతుంది. పైనున్న గుట్ట పోతుంది సరే. ఏళ్ళ తరబడి కిందికి కారిన చెత్త రసం మాటేమిటి? పేట బోరు నీళ్ళు పరీక్ష చేశారా? టన్నుల లెక్కన బిల్లు కడితే టన్నులే కదులుతాయి.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల్ని స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ గుర్తించి ఆరు నెలలకోసారి నమోదు చేయాలి. కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి. పాడుచేసినవాడి దగ్గర ఖర్చు రాబట్టాలి. వాడు దొరక్కపోతే సర్కారే పెట్టుకోవాలి. వినడానికి బాగుంది. అయితే ఇవి ప్రమాదకర రసాయనాల కోసం రాసిన నియమాలు. చెత్త దిబ్బల్ని ఘన వ్యర్థాల చట్రానికే వదిలేసి వీటి బయట పెట్టారు. రొయ్యల చెరువుకి వేరే అథారిటీ, ఉప్పెనకి విపత్తుల శాఖ. అలా మన నేల మూడు శాఖల మధ్య పడింది. ఏ ఒక్కరి పుస్తకంలోనూ అది "కలుషిత భూమి" కాదు.

*

ఇది మన ఒక్కళ్ళ కథ కాదు. 1982లో అమెరికా నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో నల్లవాళ్ళ ఊరి పక్కన విషపు మట్టి పూడ్చబోతే జనం లారీలకి అడ్డంగా పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. విషం ఎక్కడ పోస్తారో చెప్పే లెక్కల్లో అన్నిటికన్నా బలమైనది జాతి అని 1987లో ఒక చర్చి సంస్థ నివేదిక తేల్చింది. తర్వాత 2002లో అమెరికా పాడుబడ్డ ఫ్యాక్టరీ స్థలాల్ని బాగుచేసే చట్టం తెచ్చి డబ్బు ఇచ్చింది. చాలా చోట్ల ఏమైంది? నేల బాగుపడింది, అద్దెలు పెరిగాయి, విషాన్ని భరించిన నల్లవాళ్ళు బాగుపడిన పేటలో ఉండలేక పోయారు.

మనకు ఆ ప్రమాదం ఇంకా దగ్గర. బందరు పోర్టు వస్తోంది, నేల ధర పెరుగుతోంది. 2023లో అసైన్డ్ చట్టాన్ని సవరించి 20 ఏళ్ళు నిండిన భూమిని అమ్ముకోవచ్చన్నారు. 2024లో కొత్త సర్కారు అక్రమాలు జరిగాయంటూ ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. హక్కు కావాలనేవాళ్ళూ మనలో ఉన్నారు, గోడ కూలిందనేవాళ్ళూ ఉన్నారు. నా మాట ఇది: చౌడుగా ఉన్నప్పుడు అమ్మితే చౌడు ధరే వస్తుంది. బాగుచేశాక వచ్చే విలువ కొన్నవాడిది.

అందుకే వరస మార్చమని అడుగుదాం. ముందు పేరు, తర్వాత శుభ్రం. ఏ నేలకైనా సర్కారు డబ్బు పెట్టేముందు ఆ నేల ఎవరికి చెందుతుందో, ఏ పనికి వాడతారో రాసి గ్రామసభలో, వార్డులో చదవాలి. చెత్త దిబ్బ తీసిన చోట మొదటి హక్కు ఆ కంపు పీల్చిన పేటకీ, చెత్త ఎత్తిన కార్మికులకీ ఉండాలి. ఊట దిగి పాడైన డి-పట్టా మడులకి గట్టు యజమాని ఖర్చుతో జిప్సం, మురుగు కాలవ రావాలి. 1996 తీర్పు చెప్పిన సూత్రం అదే, మనం కొత్తగా కోరేది కాదు.

తమ్ముడూ, తాతగారి పట్టా బీరువాలోంచి తీయి. సర్వే నంబరు రాసుకో. అడంగల్‌లో ఆ నంబరు ఎదురుగా ఇవాళ ఎవరి పేరుందో, అది పొలమని ఉందో చెరువని ఉందో చూడు. పక్క నంబర్లు కూడా చూడు. పదిమంది కలిసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

ఆ ఎకరం చౌడే కావచ్చు. కానీ దాని మీద నీ తాత పేరుంది. దాన్ని కడిగే రోజు వచ్చేసరికి ఆ పేరు అక్కడే ఉండాలి.

వచ్చే భాగంలో లంక భూముల సహకార సంఘాల గురించి. మీ ఊళ్ళో పాత సంఘం కాగితాలుంటే ఫోటో తీసి పంపండి.

జై భీమ్.