ఆసనము క్రింది పసుపుతీగ

నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల పాదమున వెలసిన మహానందికి కార్తికమాసమునను శివరాత్రికిని వచ్చు యాత్రికులు ఒకప్పుడు ఎడ్లబండ్లమీద వచ్చెడివారు. పిమ్మట బస్సులలో వచ్చిరి. నేడు కార్లలో వచ్చువారు పెక్కుమంది. కోనేట మునిగి తడిబట్టలతోనే సీటుమీద కూర్చుండుట, తీర్థపు డబ్బాను, దారిలో కొన్న అరటిగెలను ముందుసీటు క్రిందికి త్రోయుట, చోటు చాలక సీటును ముందుకు వెనుకకు జరుపుట మామూలే. తిరుగుదారిలో తాళము త్రిప్పగానే డ్రైవరు ఎదుట ఒక చిన్నబొమ్మ వెలిగి, ఎంతసేపటికిని ఆరదు. కూర్చున్న మనిషి, అతని ముందర ఒక బంతి. కారు నడుచుచునే యుండును. బ్రేకులు పట్టుచునే యుండును. కనుక దానిని పట్టించుకొనువారు తక్కువ. ఆ బొమ్మ చెప్పుచున్న మాట ఎంత పెద్దదో తెలియవలెనన్నచో, అది పుట్టిన కథ కొంత తెలిసియుండవలెను.

1952 వసంతకాలమున అమెరికాలోని పెన్సిల్వేనియాలో జాన్ హెట్రిక్ అను ఇంజనీరు భార్యతో, ఏడేండ్ల కుమార్తెతో కారులో పోవుచుండగా, త్రోవకు అడ్డముగా ఒక బండరాయి కనబడినది. బ్రేకు వేసి కారును ప్రక్కకు త్రిప్పినాడు. ఆ క్షణమున భార్యాభర్తలు ఇరువురును, తమ నడుమ కూర్చున్న బిడ్డ ముఖము ముందున్న చెక్కకు తగులకుండ, అప్రయత్నముగా చేతులు అడ్డము పెట్టిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు. ఇల్లు చేరిన పిమ్మట ఆయన వంటింటి బల్లపై కూర్చుండి, తల్లిదండ్రుల చేతులు చేసిన పనిని ఒక సంచిచేత చేయించు ఉపాయమును గీసినాడు. 1953 ఆగస్టు 18న దానికి పేటెంటు లభించినది. జర్మనీలో వాల్టర్ లిండరర్ అను నతడు 1951లోనే ఇట్టిదానికి దరఖాస్తు పెట్టియుండెను. హెట్రిక్ తన ఊహను కార్ల కంపెనీలకు తెలిపినను ఎవరును ఆదరింపలేదు. గాలిసంచులు అంగడికి రాకమునుపే ఆయన పేటెంటు గడువు తీరినది. ఆయనకు దానివలన డబ్బు చేరలేదు. లోకమున ఇట్టి కథలు కొత్తవి కావు.

కంపెనీల ఉపేక్షకు కారణము లేకపోలేదు. కారు గుద్దుకొన్న పిమ్మట సంచి ఉబ్బుటకు సెకనులో ముప్పదవ వంతుకంటె ఎక్కువ వ్యవధి లేదు. కంటిరెప్ప వాలి లేచుటకు అంతకు మూడు నాలుగింతలు పట్టును. అదిమిపెట్టిన గాలికి అంతటి వేగము రాదు. గ్రుద్దును పసిగట్టు సాధనమును లేదు. 1960ల చివర ఆలెన్ బ్రీడ్ అను అమెరికను ఒక గొట్టములో అయస్కాంతము పట్టియుంచిన ఉక్కుగుండును అమర్చినాడు. గట్టి తాకిడి తగిలినప్పుడు ఆ గుండు అయస్కాంతమును విడిచి ముందుకురికి విద్యుత్తు దారిని కలుపును. గాలికి బదులు సోడియం అజైడ్ అను రసాయనమును మండించి నత్రజనిని పుట్టించుట మొదలయినది. 1974 మొదలు 1976 వరకు జనరల్ మోటార్సు వారు సుమారు 10,000 కార్లకు ఈ సంచులు పెట్టి అమ్మి, కొనువారు చాలక మానుకొనిరి. 1980-81లో మెర్సిడెస్ బెంజ్ వారు తమ పెద్దకారులో సంచిని, తాకిడివేళ బెల్టును బిగించు సాధనమును జతచేసిన పిమ్మటనే ఇది నిలద్రొక్కుకొన్నది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. బ్రేకు బాగున్నదో లేదో త్రొక్కి చూడవచ్చును. హారను నొక్కి వినవచ్చును. గాలిసంచిని అట్లు పరీక్షింప వీలులేదు. అది ఒక్కసారికే పనికివచ్చు వస్తువు, పేలినదా, మార్చవలసినదే. ఏండ్లతరబడి మూగగా పడియుండి, ఒక్క క్షణమున తప్పక పనిచేయవలెను. కావున తన్ను తాను పరీక్షించుకొను బాధ్యతను కారుకే అప్పగించిరి. తాళము త్రిప్పినప్పుడెల్ల ఒక చిన్న కంప్యూటరు ప్రతి సంచి తీగలోనికి, నిప్పు పుట్టుటకు చాలనంత స్వల్పమైన విద్యుత్తును పంపి ప్రతిబంధము కొలుచును. అది సాధారణముగా రెండు మూడు ఓములు. సరిపోయినచో దీపము కొన్ని సెకనులు వెలిగి ఆరును. తీగ తెగినను, వదులయినను లెక్క తప్పి దీపము నిలిచిపోవును. అప్పుడు పెక్కు కార్లలో ప్రమాదము జరిగినను సంచి తెరచుకొనునన్న నమ్మకము లేదు. దీపము మొదట బొత్తిగా వెలుగకున్నను దోషమే. వాల్వు రేడియోలు ఎరిగిన ఇండ్లవారికి ఇది సులువుగా బోధపడును: దీపము వెలుగని పెట్టె బాగున్న పెట్టె కాదు గదా.

మరి సీటు క్రిందికి ఈ తీగలు ఎందుకు వచ్చినవి? 1990ల నడుమ వోల్వో వారు ప్రక్కతాకిడికి అడ్డుగా సీటు అంచులోనే ఒక సంచిని కుట్టిరి. అదే దశాబ్దమున అమెరికాలో ముందుసీటు సంచి విసురుకు పలువురు పసిబిడ్డలు మరణించిరి. తల్లిదండ్రుల చేతులకు బదులుగా పుట్టిన సంచియే బిడ్డలను చంపినదన్నమాట! 2000లో అక్కడి ప్రభుత్వము నిబంధనలు మార్చగా, కూర్చున్నది పెద్దవారో పిల్లలో పోల్చుకొను పట్టీలను సీటులో అమర్చుట వ్యాపించినది. బెల్టు బిగించు సాధనపు తీగయు సీటు ప్రక్కనుండియే పోవును. కారులో కడమ తీగలలో పెక్కు కదలక పడియుండగా, వీనికి సీటుతోబాటు జరుగుట తప్పదు. అందుకే దీపము వెలిగినప్పుడు మొదట అనుమానింపవలసినది సీటు క్రింది జోడింపులను. పోల్చుటకు వీలుగా వానికి పసుపురంగు వేయుదురు.

వెలిగినదెప్పుడని మొదట విచారింపవలెను. సీటు జరిపిన పిమ్మటనా? క్రింద బరువులు దూర్చిన పిమ్మటనా? సీటు తడిసిన పిమ్మటనా? బ్యాటరీ నీరసించినదా? హారనుకూడ పలుకనియెడల దోషము స్టీరింగులోని చుట్టతీగలో ఉండవచ్చును. పల్లెలలో ఎలుకలు కొరుకుటయు కలదు. యజమాని టార్చి వేసి చూడవచ్చును. డబ్బా అడ్డముంటే తీయవచ్చును. అంతకుమించి చేయి పెట్టరాదని మా దృఢాభిప్రాయము. మామూలు మీటరుతో ఆ తీగను కొలువబోయినచో, మీటరునుండి పోవు విద్యుత్తే సంచిని పేల్చవచ్చును. తెలిసిన మెకానిక్కు మొదట స్కానరుతో దోషసంఖ్యను చదువును. బ్యాటరీ తీగ విప్పి, కంప్యూటరులో నిలువయున్న విద్యుత్తు దిగువరకు కొన్ని నిమిషములాగి, అప్పుడు జోడింపును విప్పి తుడిచి బిగించును. తుదకు దోషసంఖ్యను చెరిపివేయును. చెరుపనిదే చాల కార్లలో దీపము ఆరదు. సంచికి బదులు చిల్లరధర రెసిస్టరును తగిలించి దీపమును ఆర్పువారును లేకపోలేదు. కంప్యూటరు రెండు ఓములను చూచి తృప్తిపడును. సంచి మాత్రము తెరచుకొనదు. ఇది మరమ్మతు కాదు, మోసము.

మనదేశమున కొత్తకార్లకు డ్రైవరు సంచి 2019 జూలై 1 నుండి తప్పనిసరి అయినది. ప్రక్కసీటు సంచి 2021 ఏప్రిల్‌లో కొత్త నమూనాలకును, ఆ ఏటి చివరనుండి కడమవానికిని వర్తించినది. రాయలసీమకు ఇందులో మరొక పాత్ర కలదు. పెనుకొండ చెంత కియా కర్మాగారమున 2019లో కార్ల తయారీ మొదలయినది. 2022లో ఆరు సంచులతో అచ్చట వెలువడిన కారెన్స్ అను కార్లలో 44,174ని అదే సంవత్సరము అక్టోబరులో కంపెనీ వెనుకకు పిలిచినది. దోషము తీగలో కాదు. సంచులనేలు కంప్యూటరు ప్రోగ్రాములో ఉండవచ్చునని అనుమానము. సరిచేయుట ఉచితము. 2023లో మరి 30,297 కార్లను పిలిచిరి. ఈసారి సూచికల పలకయే చీకటిపడునేమోనని శంక. పలకయే చీకటియైనచో ఏ దీపమును కానరాదు.

దీపము చూడలేనివియు కొన్ని గలవు. జపాను దేశపు తకాటా కంపెనీ సంచులలో వాడిన అమోనియం నైట్రేటు ఏండ్లతరబడి వేడికిని తేమకును చెడి, సంచి తెరచుకొనునప్పుడు లోహపుపెట్టె ముక్కలై పలుదేశములలో ప్రాణములు తీసినది. ఆ కార్లలో తీగలు బాగున్నవి, ఓములు సరిపోయినవి, దీపము ఆరియే యున్నది. మోటారు వాహనముల చరిత్రలో అంత పెద్ద వాపసు మరొకటి లేదు. మనదేశమున కూడ హోండా, టయోటా మున్నగు కంపెనీలు కార్లను పిలిపించినవి. పాతకారు కొనువారు దాని ఛాసిస్ నంబరును ఆ కంపెనీవారికి చెప్పినచో, అట్టి పిలుపు మిగిలియున్నదో లేదో తెలుపుదురు.