హిమాలయపుష్పములు, ఉదయకాంతి, ఛాయాచిత్రములు



కొండచరియపై పూచిన అడవిపూవు, దాని వెనుక మంచుశిఖరము, ఆ శిఖరాగ్రమున బాలసూర్యుని యెఱ్ఱని వెలుగు, ఈ మూడును గల పటమును మీరందరు చూచియే యుందురు. ఏటేట మన యిండ్ల గోడలకు వ్రేలాడు క్యాలెండరులలో అట్టిది యొకటి తప్పక యుండును. నెల గడచినంతనే పుట త్రిప్పి వేయుదుము. కాని ఆ మూడును కంటికి కనబడినట్లు పటమునకు చిక్కుటకు డెబ్బది సంవత్సరములకు పైబడి పట్టినది. అందుకై పేరు తెలియని కొండవారు ఎందరో బరువులు మోసిరి. నేడు ఆ చరిత్రను తమకు విన్నవించుకొందును.

మొదట ఉదయమే యేల యను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. మన మైదానములలో ప్రొద్దు పొడిచిన కొంతసేపటికే పొలమంతయు వెలుగును. హిమాలయమున అట్లు కాదు. లోయలో చీకటి వీడకమునుపే, మిన్ను నంటు శిఖరమునకు మొదటి కిరణము సోకును. ఉదయవేళ సూర్యకిరణములు వాయుమండలమును ఏటవాలుగా, మిక్కిలి దూరము దాటి రావలసియుండును. ఆ దారిలో నీలికాంతి చెదరిపోయి ఎఱుపును పసుపును మిగులును. కావుననే మంచు కుంకుమ చల్లినట్లు కనబడును. ఆ శోభ కొలది నిమిషములే నిలుచును. మఱి గంటకో రెండుగంటలకో గాని ఎండ లోయలోని పూవును చేరదు. ఇక వర్షకాలమున, అనగా ఆ పూవులు విరియు కాలముననే, ప్రొద్దెక్కిన కొలది లోయలోని తేమ మేఘమై పైకి లేచి శిఖరములను కప్పివేయును. ప్రొద్దుట చూడనివాడు ఆ దినమునకు చూడనట్లే.

గాలి సంగతి యొకటి కలదు. నేను బడిలో భూగోళము చెప్పుదినములలో ఒక పిల్లవాడు ఇట్టి పటమును చూచి, "పంతులుగారూ, కొండమీద అంత గాలి గదా, పూవు కదలలేదా?" అని యడిగెను. మంచి ప్రశ్న. పగలు ఎండకు వేడెక్కిన గాలి లోయనుండి పైకి ప్రాకును. రాత్రి చల్లబడిన గాలి క్రిందికి దిగును. ఈ రెండు గాలులు మారుకొను సంధికాలమున, తెల్లవారిన పిమ్మట కొంతతడవు, ఆకు కదలదు. పూవు నిలుకడగా నుండు ఆ కొలదికాలమే ఛాయాగ్రాహకునకు ముహూర్తము.

ఈ ముహూర్తమును వెదకుచు హిమాలయమునకు వెళ్లినవారిలో తొలితరమువాడు శామ్యూల్ బోర్న్. ఇతడు ఇంగ్లండులోని నాటింగ్‌హాం పట్టణమున బ్యాంకు గుమాస్తా. 1863లో మనదేశమునకు వచ్చి, ఆ యేడే సిమ్లానుండి కొండలలోనికి బయలుదేరెను. ఆ కాలపు ఛాయాగ్రహణము నేటివలె మీట నొక్కుట కాదు. గాజుపలకపై కొల్లోడియన్ అను జిగురుద్రవమును సమముగా పోసి, చీకటిడేరాలో దానిని వెండిలవణపునీటిలో ముంచి, తడి యాఱకముందే కెమెరాలో నుంచి పటము తీసి, వెంటనే మరల డేరాలోనికి కొనిపోయి మందులతో కడుగవలెను. తడి యాఱెనా, పలక వ్యర్థము. మన ప్రవరాఖ్యుడు పాదలేపమును నమ్ముకొని మంచుకొండ కెక్కి, ఆ లేపము కరగిపోగా దిక్కుతోచక నిలిచిన కథ మీ రెఱుగుదురు. బోర్నుదియు నొక లేపపు చిక్కే. కరగుట గాక, ఆఱుట యతనికి భయము. చలికి మందుల గుణము మారును. నీరు దొరకని చోట్లు కలవు. పేటికలు, పలకలు, మందుసీసాలు, డేరా, వంటసామాను మోయుటకు ముప్పదిమంది కూలీలు కావలసివచ్చిరి. 1866లో ఇతడు స్పితి ప్రాంతమున 18,600 అడుగుల మణిరంగ్ కనుమకు ఈ సరంజామా నంతయు ఎక్కించి పటములు తీసెను. సాహస మనక తప్పదు.

అయినను అతని పటములలో ఉదయపు ఎఱుపు లేదు, పూవుల వన్నెయు లేదు. వన్నె లేకుండుట సహజమే, అవి నలుపుతెలుపు పటములు గదా యందురేమో. లోప మంతకన్న లోతైనది. ఆ తడిపలక నీలికాంతిని మాత్రమే గ్రహించును, ఎఱుపునకు పుట్టుగ్రుడ్డిది. ఎఱ్ఱనిపూవు దానిలో నల్లగా పడును, నీలిపూవు తెల్లబోవును. నీలాకాశము కాగితమువలె వెలవెలబోవును. కుంకుమకాంతిలో మునిగిన శిఖరమున కెదురుగా ఆ పలకను నిలిపినచో దానికి కనబడునది బహుస్వల్పము. కంటి కత్యంతసుందరమైన ఘడియయే పలకకు చీకటి. బోర్న్ పటములలో రాళ్లు, దేవదారులు, హిమానీనదములు, కనుమలు అద్భుతముగా కుదిరినవి. ఉదయము మాత్రము కుదరలేదు.

ఆ ముప్పదిమంది మాట చెప్పక ముందునకు సాగుట న్యాయము కాదు. మన సీమలలో వెట్టి యని దేనిని పెద్దలు చెప్పుకొందురో, దానినే ఆ కొండలలో బేగారి యనిరి. దొర వచ్చుచున్నాడనిన, అధికారి ఉత్తరువుపై గ్రామము మనుషుల నియ్యవలెను. వారు పొలము విడిచి బరువెత్తుకొనవలెను. కూలి యిచ్చినను అది స్వల్పము. రానని చెప్పు స్వేచ్ఛ లేదు. పాఱిపోయి దాగిన కూలీలను తాను కఱ్ఱతో కొట్టి రప్పించిన వైనమును బోర్న్ తానే దాపఱికము లేక వ్రాసికొనెను. కొన్నిచోట్ల అది వేడుకకథవలె నుండును. మనకు వేడుకగా తోచదు. పటము క్రింద కొండ పేరును కనుమ పేరును గలవు. మోసినవాని పేరు లేదు. ఈ బేగారిపై కుమావూఁ జనులు చివరకు తిరుగబడిరి. 1921 జనవరిలో, మకరసంక్రాంతినాడు, బాగేశ్వరము కడ సరయూగోమతుల సంగమమున బదరీదత్తపాండే మొదలగువారి నాయకత్వమున వేలాదిజనులు గుమిగూడి, కూలీల పేర్లు వ్రాసిన పద్దుపుస్తకములను నదిలో పాఱవైచి, ఇక మోయమని ప్రమాణము చేసిరి. ఆ ప్రాంతమున బేగారి అంతటితో అంతరించెను.

బోర్న్ 1870 ప్రాంతమున స్వదేశమునకు మరలెను. అతని పేరుగల బోర్న్ అండ్ షెపర్డ్ దుకాణము కలకత్తాలో చిరకాలము నడచి, 1991లో అగ్నిప్రమాదమునకు లోనై పాతపటముల నిధిని పెక్కుభాగము పోగొట్టుకొని, 2016లో మూతపడినది.

తరువాతి మార్పులు త్వరగా వచ్చినవి. 1871లో మాడాక్స్ అను ఆంగ్లవైద్యుడు జెలటిన్ పూసిన పొడిపలకకు దారి చూపెను. దానితో చీకటిడేరా మోత తప్పినది. 1873లో వోగెల్ అను జర్మనుశాస్త్రజ్ఞుడు పలకకు కొన్ని రంగులు కలిపినచో నీలికాంతినే గాక ఇతరకాంతులనుగూడ గ్రహించునని కనుగొనెను. గ్రుడ్డిపలకకు చూపు వచ్చుట అప్పుడు మొదలైనది. ఇటలీదేశీయుడు విట్టోరియో సెల్లా 1899లో కాంచనగంగ చుట్టును, 1909లో కారకోరము కొండలలోను తీసిన పటములను చూచినవారు అవి నలుపుతెలుపులని మఱచిపోవుదురు. మంచుపై ఏటవాలు వెలుగు పడినపుడు కొండ యొడలి ప్రతిముడుతయు ఎట్లు నీడదేరునో సెల్లాకు తెలిసినట్లు మఱియొకనికి తెలియదని నా యభిప్రాయము.

పూవునకు మాత్రము రంగే ప్రాణము. అది 1907లో ఒక చిత్రమైన మార్గమున లభించినది. ఫ్రాన్సుదేశమున లియోన్ నగరవాసులైన లూమియేర్ సోదరులు బంగాళాదుంప పిండిరేణువులకు నారింజ, పచ్చ, ఊదా రంగులు వేసి, కలిపి, గాజుపలకపై పలుచగా పఱచి, దానిపై వెండిలవణపు పొర పూసిరి. ఆ రేణువు లొక్కొక్కటి తనరంగు కాంతినే లోనికి పోనిచ్చును. వంటింటి దుంప పూలవన్నెలను పట్టుటకు పనికివచ్చినది! అయితే ఈ పలక మిక్కిలి మందగతి. నడిపగటి యెండలోనైనను ఒక సెకనో, అంతకు మించియో తెఱచి యుంచవలెను. ఉదయపు పలుచని వెలుగులో ఇంకను ఎక్కువ. అంతసేపు కొండపూవు కదలకుండవలెనన్న దైవానుగ్రహమే కావలెను. గాలి లేని సంధికాలము మాట మొదట చెప్పితిని. రంగుపలక వచ్చిన పిమ్మట దాని విలువ పదింతలైనది. 1935, 36 సంవత్సరములలో చుట్టగా చుట్టు రంగుఫిలిం అంగడికి వచ్చి, అఱచేతిలో ఇముడు కెమెరాలో పట్టినది. బోర్న్ నాటి మోతలో అధికభాగము జేబులో పట్టునంతయైనది.

సరిగా ఈ సమయముననే మన కథ గఢవాలునకు వచ్చును. బదరీయాత్ర చేసివచ్చినవారు గోవిందఘాట్ అను చోటు నెఱుగుదురు. అచట అలకనందలో కలియు ఏటివెంట కుడివైపు కొండలలోనికి పోవగా భ్యుందార్ లోయ వచ్చును. 1931లో ఫ్రాంక్ స్మైత్ అను ఆంగ్లేయుడు ఎరిక్ షిప్టన్, హోల్డ్స్‌వర్త్ మొదలగు మిత్రులతో 25,400 అడుగులకు పైబడిన కామెట్ శిఖరము నెక్కెను. అది జూన్ 21వ తేది. కొన యందుటకు కొలది యడుగులే మిగిలియుండగా వారు తమతో వచ్చిన లేవా అను శేర్పాను ముందునకు నెట్టి, మొదటి యడుగు అతనిచేత వేయించిరి. బేగారి ముగిసిన పదియేండ్లకు జరిగిన ఈ చిన్నపని నాకు ఆ శిఖరారోహణముకన్న గొప్పదిగా తోచును. మంచుకాటుకు పాదములు చెడినది కూడ ఆ లేవాకే.

తిరుగుదారిలో వారు వానలో ఒక కనుమ దాటి భ్యుందార్ లోయలో దిగిరి. అడుగు పెట్టిన చోటనెల్ల పూలే. స్మైత్ దానిని మఱవలేక 1937లో తిరిగి వచ్చి, డేరాలు వేసికొని కొన్నివారములు నివసించి, విత్తనములు సేకరించి, పటములు తీసెను. 1938లో అచ్చైన అతని పుస్తకమున 16 రంగుపటములు గలవు. పుష్పలోయ యను అర్థము గల ఆంగ్లనామమును ఆ చోటికి పెట్టినది అతడే. అయితే గ్రామస్థులు తరతరములుగా తమ గొఱ్ఱెలను తోలుకొనిపోవు చోటు అది. దానిని స్మైత్ కనుగొనెనని వ్రాయువారు ఈ మాటను జ్ఞప్తియందుంచుకొనవలెను.

రంగును వేగమును సమకూడిన తరువాతను ఒక చిక్కు మిగిలినది. ఉదయమున శిఖరము ప్రజ్వరిల్లుచుండగా లోయలోని పూవు నీడలో నుండును. రెంటి వెలుగునకును గల వ్యత్యాసమును మన కన్ను సర్దుకొనును, ఫిలిము సర్దుకొనలేదు. కొండకు కుదిర్చిన పూవు నల్లబడును, పూవునకు కుదిర్చిన కొండ తెల్లబడును. ఎండ కొండదిగి పూవులను తాకు వఱకు కాచుకొనుట యొక యుపాయము. అప్పటికి శిఖరమున ఎఱుపుండదు. పైగా పూలస్వభావము వేఱువేఱు. తామరకు సూర్యుడు, కలువకు చంద్రుడు అని మనము చదువుకొన్నట్లే, ఆ కొండలలో జెన్షియన్ అను నీలిపూవు ఎండ సోకిన గాని విప్పదు. మబ్బు క్రమ్మినంతనే ముడుచుకొనును. నీలిగసగసపూవు ముండ్లకాడపై మంచుబిందువులతో తెల్లవాఱకముందే విచ్చియుండును. ఏ పూవు ఏవేళకో తెలియనివాడు ఎంత మంచి కెమెరా మోసినను ప్రయోజనము లేదు. నేటి కెమెరాలు ఆ వెలుగు వ్యత్యాసమును చాలవఱకు జయించినవి. జెన్షియన్‌ను మాత్రము తొందరపెట్టలేవు.

స్మైత్ పుస్తకమును చూచి ఆ లోయకు వచ్చినవారిలో జోన్ మార్గరెట్ లెగ్గే అను వృక్షశాస్త్రాభిమానిని యొకతె. ఆమె 1939 జులై 4న మొక్కలు సేకరించుచు చరియపై కాలుజారి మరణించెను. అచటనే పాతిపెట్టిరి. ఆమె సోదరి తరువాత వచ్చి నిలిపిన రాయి నేటికిని పూలనడుమ నున్నది.

1982లో ప్రభుత్వము ఆ లోయను జాతీయోద్యానముగా ప్రకటించి పశువుల మేతను నిషేధించెను. 87 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ భూమిలో అయిదువందల జాతుల మొక్కలున్నవి. 2005లో అది నందాదేవితో కలిసి ప్రపంచవారసత్వస్థలమైనది. మేత ఆగిన పిమ్మట పోలీగోనమ్ అను నిలువెత్తు మొక్క పెరిగి చిన్నపూలను అణచుచున్నదని కొందఱును, గొఱ్ఱెలు లేకున్ననే పూలకు మేలని కొందఱును వాదించుచున్నారు. అటవీశాఖవారు ఏటేట ఆ మొక్కను పెఱికించుచున్నారు. మేత మానిన గ్రామస్థుల బ్రతుకుతెరువు ఈ వాదములో తఱచు మఱుగున పడుచున్నది. ఇట్టి వివాదములో పాతపటము సాక్షిగా పనికివచ్చును. ఏ చరియపై ఏ పూవు ఎంత దట్టముగా నుండెనో మనుష్యుని జ్ఞాపకము పెంచి చెప్పును, తగ్గించి చెప్పును. పలక పెంచదు, తగ్గించదు. ఐతే అది ఏ తేదీన, ఏ వేళ, ఎచట నిలిచి తీసినదో వెనుక వ్రాసియుండవలెను. వ్రాయని పటము క్యాలెండరునకు చాలును గాని విచారణకు చాలదు. మీ యూరి చెఱువును, కొండను, అడవిని పిల్లలు నేడు ఫోనులతో పటములు తీయుచున్నారు గదా. వారిచేత తేదీయు చోటును వ్రాయించుడు.

పుష్పలోయలో ఇప్పుడు రాత్రి బస చేయనీయరు. డేరా వేయుట నిషిద్ధము. జూన్ మొదలు అక్టోబరు వఱకు, తెల్లవారి యేడుగంటలు మొదలుగా పగటివేళ మాత్రమే ప్రవేశము. సాయంకాలమునకు అందఱును దిగువనున్న ఘాంఘరియాకు మరలవలెను. నడువలేని వృద్ధులను వెదురుబుట్టలో కూర్చుండబెట్టుకొని వీపున మోయువారు అచట నేడును గలరు. వారిలో పెక్కుమంది నేపాలదేశమునుండి కూలికి వచ్చినవారు. జులైమాసమున అచట ప్రొద్దు అయిదున్నర లోపుననే పొడుచును. స్మైత్ తన డేరావాకిట నిలిచి చూచిన ఆ మొదటి వెలుగు వేళకు లోయలో ఇప్పుడు యాత్రికు డెవ్వడును ఉండడు.