కాలి వేళ్ల సాక్ష్యం

బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు ఎదిగే పిల్లకి వెన్ను వంకర ఉందని తేలితే పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే మాట, "వెన్నుపూస మీద కత్తి పెడితే కాళ్లు పడిపోతాయంటగా!" అని. ఆ భయాన్ని చాదస్తమని తీసిపారేయడానికి లేదు. ఒకప్పుడు సర్జన్లకీ అదే భయం.

వంకర ఎంతుందో కొలవడం ముందే కుదిరింది. న్యూయార్క్ డాక్టర్ జాన్ కాబ్ 1948లో చెప్పిన పద్ధతిలోనే ఇప్పటికీ ఎక్స్‌రే మీద గీతలు గీసి డిగ్రీలు లెక్కకడతారు. ఎముకల ఎక్స్‌రే చదవడంలో మన దివిసీమ పక్కనుంచే ఒక పెద్ద పేరుంది: పెదముత్తేవిలో పుట్టిన కాకర్ల సుబ్బారావు. ఆయన 1985 నుంచి నడిపిన హైదరాబాద్ నిమ్స్, మొదట నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్.

కొలిచిన వంకరను సరిచేయడం దగ్గరే వచ్చింది చిక్కు. హ్యూస్టన్‌లో పోలియో పిల్లలకు వైద్యం చేస్తున్న పాల్ హారింగ్టన్, వెన్నుకు పైనా కిందా కొక్కేలు తగిలించి, మధ్యలో స్టీలు కడ్డీ పెట్టి, కడ్డీ మీది పళ్లు ఒక్కొక్కటీ జరుపుతూ సాగదీశాడు. ఆ విధానం 1962లో అచ్చయింది. నెలల తరబడి పిండికట్టులో పడుకోబెట్టే కాలానికి అదో పెద్ద మలుపే. కానీ ఎముకతో పాటు లోపలి వెన్నుపాము కూడా సాగుతుంది. కత్తి తగలక్కర్లేదు, సాగి, రక్తప్రసారం తగ్గితే చాలు, దెబ్బతింటుంది. ఆ సంగతి తెలిసేది రోగి మెలకువలోకి వచ్చాకే. అలా జరిగేది నూటికి ఒకరికి లోపే గానీ, ఆ ఒక్కరూ మన పిల్ల అయితే?

దీనికి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పియేర్ స్టాన్యారా బృందం కనిపెట్టిన ఉపాయం ఎంత సులువంటే నవ్వొస్తుంది: మధ్యలో లేపి అడగడం! 1973లో దాన్ని ప్రకటించారు. కడ్డీ బిగించాక మత్తు డాక్టరు మందు తగ్గిస్తాడు. వీపు తెరిచే ఉంటుంది, పిల్ల బోర్లా పడుకునే ఉంటుంది. ముందు "చెయ్యి నొక్కమ్మా" అంటారు. నొక్కితే మాట వినబడుతోందన్నమాట. అప్పుడు "కాలి వేళ్లు ఆడించు". చెయ్యి కదిలి కాలు కదలకపోతే కడ్డీ వెంటనే వదులు చేయాలి. చెయ్యి ముందు అడగడంలోనే ఉంది తెలివంతా; లేకపోతే కాలు కదలనిది మత్తువల్లనో, దెబ్బవల్లనో ఎలా తెలుస్తుంది? ఆపరేషన్‌కు ముందే పిల్లకి ఇదంతా చెప్పి, ఒకసారి చేయించి చూస్తారు. మన ఆసుపత్రుల్లో తెలుగులో, ఇంట్లో పిలిచే పేరుతో పిలిస్తే మేలని నాకనిపిస్తుంది; సగం మత్తులో ఉన్నవాళ్లకి ఇంగ్లిషు ఎక్కడ ఎక్కుతుంది!

లోపం ఒకటుంది. ఆ పరీక్ష ఆ క్షణం సంగతే చెబుతుంది. పది నిమిషాల తర్వాత ఇంకో మెలి తిప్పితే మళ్లీ లేపలేరు కదా. పైగా సగం మెలకువలో పిల్ల ఉలిక్కిపడితే గొంతులోని గొట్టం ఊడొచ్చు.

అందుకే కరెంటు వచ్చింది. 1970ల్లో జపాన్‌లోనూ, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లోనూ వెన్నుపాము గుండా వెళ్లే సంకేతాలను థియేటర్‌లోనే పట్టుకోవడం మొదలైంది. చీలమండ దగ్గరి నరానికి చిన్న షాకులిస్తే, అవి వెన్ను ఎక్కి మెదడు చేరేసరికి తలమీది తీగలు పట్టుకుంటాయి. ఆ సంకేతపు అల ఎత్తు సగానికి పడితే ప్రమాద సూచన. అయితే ఆ దారి స్పర్శది. కాళ్లను కదిలించే దారి వేరు. స్పర్శ బాగుండి కదలిక పోయిన కేసులున్నాయి. 1980లో లండన్‌లో మెర్టన్, మోర్టన్ తలమీంచే కరెంటు పంపి కండరాలను కదిలించి చూపాక ఆ రెండో దారికీ కాపలా పెట్టే వీలు దొరికింది. దాంతో మత్తు పద్ధతే మారింది. పీల్చే మత్తుమందులు కండరాల నుంచి వచ్చే సంకేతాన్ని అణిచేస్తాయి, కండరాలను సడలించే మందు వేస్తే అసలు కనబడదు. కాబట్టి నరంలోకి ప్రోపోఫాల్ అనే మత్తుమందు ఎక్కిస్తారు. షాకుకి దవడ బిగుసుకుని నాలుక తెగకుండా పళ్ల మధ్య గుడ్డ మెత్తలు పెడతారు.

1995లో అచ్చయిన ఒక సర్వేలో 51,263 ఆపరేషన్లను పరిశీలించారు. అనుభవమున్న బృందం సంకేతాలను చూస్తున్నచోట, అనుభవం తక్కువున్న బృందాలతో పోలిస్తే, నరాల నష్టం సగానికన్నా తక్కువ. యంత్రం కొన్నంత మాత్రాన సరిపోదు, దాని ముందు కూర్చున్న మనిషి ముఖ్యం. అల పడిపోగానే చేసే పని మాత్రం పాతదే: బిగించింది వదులు చేస్తారు, రక్తపోటు పెంచుతారు, వెన్నుపూసల్లో బిగించిన స్క్రూలు సరిగా పడ్డాయో లేదో చూస్తారు. అప్పటికీ అల లేవకపోతే మత్తు తగ్గించి, స్టాన్యారా చెప్పినట్టే కాలి వేళ్లు ఆడించమంటారు.