హెడ్జ్‌హాగ్‌ల పెంపకం

హెడ్జ్‌హాగ్‌ను ముద్దుకోసం ఇంట్లో పెంచుకోవడం 1980లలో అమెరికాలో ఊపందుకుని, తర్వాత ఐరోపాకూ జపాన్‌కూ పాకింది. నేడు ఇళ్లలో పెరుగుతున్నవి దాదాపు అన్నీ ఆఫ్రికాకు చెందిన అటెలెరిక్స్ ఆల్బివెంట్రిస్ అనే జాతి సంతతే. కొన్నింటిలో అల్జీరియా జాతి రక్తం కలిసిందని భావిస్తారు. వెనక కాళ్లకు నాలుగేసి వేళ్లే ఉండటంతో దీన్ని నాలుగు వేళ్ల హెడ్జ్‌హాగ్ అంటారు. వ్యాపారులు పెట్టిన పేరు ఆఫ్రికన్ పిగ్మీ హెడ్జ్‌హాగ్. వీపునిండా ముళ్లున్నా ఏదుపందితో దీనికి చుట్టరికం లేదు. ఏదుపంది ఎలుకల వర్గానిది, ఇది చుంచుకు దగ్గరి బంధువు. బెదిరినప్పుడు వీపు కండరాన్ని బిగించి ముడుచుకుపోతుంది. అప్పుడు మూతి, కాళ్లు, పొట్ట అన్నీ ముళ్ల లోపలికి వెళ్లిపోతాయి.

మనిషికి ఈ జంతువుతో పరిచయం పాతదే కానీ, అందులో ముద్దుకు చోటు తక్కువ. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ దీని ముళ్ల తోలుతో బట్టలు దువ్వి నునుపు చేసేవారని రాశాడు. ఆ తోళ్ల వ్యాపారంలో గుత్తాధిపత్యం, మోసం ఎంతగా పెరిగాయంటే, రోమన్ సెనేట్ ఈ విషయంపై చేసినన్ని తీర్మానాలు మరి దేనిమీదా చేయలేదని కూడా అతనే చెప్పాడు. ఇంగ్లండ్ రైతులకైతే ఇది శత్రువు. పడుకున్న ఆవు పొదుగు నుంచి పాలు తాగేస్తుందని వారి నమ్మకం. 1566 నాటి చట్టం పంటలకు చేటు చేసే జీవుల జాబితాలో దీన్నీ చేర్చి, చంపి తెచ్చినవారికి తలకు రెండు పెన్నీల బహుమానం ప్రకటించింది.

పంతొమ్మిదో శతాబ్దంలో లండన్ వంటిళ్లు దీనికి పని కల్పించాయి. బొగ్గు పొయ్యిల వెచ్చదనానికి చేరే బొద్దింకలను తినిపించేందుకు వీధి అమ్మకందారుల దగ్గర కొని తెచ్చి, రాత్రిపూట వంటింట్లో వదిలేవారు. బొమ్మల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ మాత్రం సరదాకే ఒకదాన్ని సాకింది. 1905లో వచ్చిన ‘ద టేల్ ఆఫ్ మిసెస్ టిగ్గీ-వింకిల్’లోని చాకలి హెడ్జ్‌హాగ్‌కు నమూనా అదే. ఒళ్లో పడుకోనిస్తే అది హాయిగా ఉండేదట. బొమ్మ గీయడానికి కాసేపు నిలబెడితే ముందు ఆవలించి, తర్వాత కరిచేదట. ఆ రోజుల్లో బ్రిటన్‌లో వీటికి రొట్టె, పాలు పెట్టడం ఆనవాయితీ. పాలలోని చక్కెరను ఇవి అరిగించుకోలేవు, విరేచనాలు పట్టుకుంటాయి. మంచి మనసుతో పెట్టిన ఆ తిండే చాలావాటికి హాని చేసింది.

ఐరోపా జాతి శీతకాలమంతా నిద్రపోతుంది, ఇంటి జీవితానికి అంతగా ఒదగదు. పరిమాణంలో చిన్నదైన ఆఫ్రికా జాతి ఆ లోటు తీర్చింది. సెనెగల్ నుంచి సోమాలియా దాకా, దక్షిణాన జాంబియా దాకా పచ్చిక మైదానాల్లో తిరిగే ఈ జీవులను 1980లలో వేల సంఖ్యలో పట్టి అమెరికాకు ఎగుమతి చేశారు. పశువులకు గాలికుంటు వ్యాధి సోకే ప్రమాదం ఉందంటూ 1991లో అమెరికా వ్యవసాయ శాఖ ఆఫ్రికా నుంచి దిగుమతిని ఆపేసింది. అప్పటికే దేశంలో ఉన్నవాటినే ఈనించి అమ్ముకోవడం వ్యాపారమైంది. సెగా కంపెనీ వీడియో గేమ్‌లోని నీలిరంగు సోనిక్ కూడా ఆ ఏడాదే బజారుకొచ్చింది. ఆ పాత్రకూ అసలు జంతువుకూ పోలిక వెతకడం వృథా ప్రయాస, అయినా పేరు మాత్రం పిల్లల నోళ్లలో నానింది.

కొత్త రక్తం రాక ఆగిపోవడంతో దగ్గరి చుట్టరికాల మధ్యే సంతానోత్పత్తి సాగింది. దాల్చినచెక్క రంగు, తెలుపు మచ్చలు వంటి రంగురంగుల రకాలు ఇలాగే వచ్చాయి. 1990ల నడుమ నుంచి గుర్తించిన ఒక నరాల జబ్బుకు మూలం కూడా వంశపారంపర్యమేనని చాలామంది పశువైద్యుల అనుమానం. మొదట వెనక కాళ్లు తూలుతాయి, నడక తప్పుతుంది, నెలల్లో ఒళ్లంతా చచ్చుబడుతుంది. దీనికి మందు లేదు.

ఇన్ని తరాలు పంజరంలో పుట్టినా దీని ఒడలు అడవిదిగానే మిగిలింది. పగలు నిద్ర, రాత్రి పరుగు. అందుకే పంజరంలో కాలు ఇరుక్కోని గట్టి చక్రం తప్పనిసరి. కదలిక తగ్గితే ఒళ్లు వచ్చేస్తుంది. గది వేడి 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. బాగా చల్లబడితే శీతనిద్రలోకి జారబోతుంది, అందుకు తగ్గ సన్నద్ధత ఒంట్లో లేక ప్రాణం మీదికి వస్తుంది. కొత్త వాసన తగిలితే ఆ వస్తువును నమిలి, నురగ చేసి, మెడ వెనక్కి తిప్పి నాలుకతో ముళ్లకు పూసుకుంటుంది. మొదటిసారి చూసిన యజమానులు పిచ్చి పట్టిందని హడలిపోతుంటారు. బాగా చూసుకుంటే నాలుగు నుంచి ఆరేళ్లు బతుకుతుంది.

చట్టాలు చోటుకొక రకం. కాలిఫోర్నియా, జార్జియా, హవాయి రాష్ట్రాల్లోనూ న్యూయార్క్ నగరంలోనూ వీటిని పెంచడం నిషిద్ధం. తప్పించుకుని అడవిలో స్థిరపడితే స్థానిక జీవులకు ముప్పన్నది ప్రధానమైన భయం. జపాన్‌లో ఆ భయం నిజమైంది. పెంపకం నుంచి బయటపడ్డ ఆముర్ జాతి ఒడవారా, ఇటో పరిసరాల్లో స్థిరపడటంతో, ఆ జాతి పెంపకాన్ని విదేశీ జీవుల చట్టం కింద నిషేధించి, ఆఫ్రికా జాతిని మాత్రం మినహాయించారు. 2016లో టోక్యోలోని రొప్పోంగిలో రుసుము కట్టి వీటిని చేతుల్లోకి తీసుకునే కెఫే తెరుచుకుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ వీటి నుంచి సాల్మొనెల్లా సోకిన ఉదంతాలను పలుమార్లు నమోదు చేసి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలని, మొహానికి ఆనించుకోవద్దని హెచ్చరించింది.

భారతదేశంలోనూ సొంత జాతులున్నాయి. వాటిలో మద్రాసు హెడ్జ్‌హాగ్ తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల మెట్ట పొదల్లో కనిపిస్తుంది. దీన్ని హార్స్‌ఫీల్డ్ 1851లో శాస్త్రీయంగా వర్ణించాడు. తమిళ పల్లెల్లో ముళ్లు కాల్చిన బూడిదను తేనెలో కలిపి దగ్గుకు ఇచ్చే నాటువైద్యం వల్లా, రోడ్లపై వాహనాల కింద పడటం వల్లా దీనికి నష్టం జరుగుతోంది. దేశీయ హెడ్జ్‌హాగ్‌లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తుంది. పొలంగట్టున దొరికిన పిల్లనైనా ఇంటికి తెచ్చి సాకడం నేరం.