జలస్థపతి అలీ నవాజ్ జంగు

మిర్యాలగూడకు సమీపమున, వాడపల్లియొద్ద, మూసీనది కృష్ణలో కలియుచున్నది. సంగమమున స్నానమాడి అగస్త్యేశ్వరుని, నరసింహస్వామిని సేవించి పోవు యాత్రికులలో, ఈ మూసీయే 1908 సెప్టెంబరులో హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నదని తలచువారు అరుదు. ఆ వరదపిమ్మట నదిని అదుపున బెట్టిన తరమువారిలో అగ్రగణ్యుడైన నవాబు అలీ నవాజ్ జంగును తలచువారు మరింత అరుదు.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించి, అచటనే చదివి, నిజాము ప్రభుత్వమిచ్చిన విద్యార్థివేతనముతో 1896లో ఇంగ్లండునకేగి కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. భారతదేశపు పబ్లిక్ వర్క్సు శాఖకు ఇంజనీర్లను తీర్చిదిద్దుటకై 1871లో వెలసి 1906లో మూతపడిన ఆ విద్యాలయమున ఆంగ్లేయ యువకులదే ప్రాబల్యము. అచటినుండి 1899లో మరలివచ్చి సంస్థానపు పబ్లిక్ వర్క్సు శాఖలో సహాయ ఇంజనీరుగా ప్రవేశించినవాడు 1918 నాటికి ముఖ్య ఇంజనీరయ్యెను.

ప్రఖ్యాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీమీద తలపెట్టిన ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీవాగుమీది హిమాయత్‌సాగరు 1927లోను ఆయన అధికారకాలముననే పూర్తియైనవి. కాని ఆయన కీర్తికి ఆధారము మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు. నగరమును వరదనుండి కాపాడుట వేరు, వర్షమునే నమ్ముకొన్న పల్లెలకు కాలువ త్రవ్వి ఏటేట పంట నిశ్చయపరచుట వేరు. నిజాంసాగరు క్రింద రెండున్నర లక్షల ఎకరములకు పైగా సాగునకు వచ్చెను, బోధను ప్రాంతమున చెరకు విస్తరించెను, 1937లో అచట చక్కెర కర్మాగారము నెలకొనెను. విచిత్రమేమనగా ఒక జలాశయము ప్రభువు పేరను, ఒకటి ఆయన కుమారుని పేరను, మూడవది వంశబిరుదము పేరను పిలువబడుచున్నవి. కొలతలు వేసినవానికి దక్కినది ‘జంగు’ బిరుదము మాత్రమే! ఇది నవాబుల కాలపు దోషమని యనుకొనరాదు. సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రిలో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని పేరను 1208 నాటి ఎరకేశ్వరాలయమున్నది. ఆ స్తంభములను అద్దమువలె నునుపుదేర్చిన శిల్పి పేరు జనులనోట లేదు. కట్టించినవాని పేరే కట్టడమునకు నిలుచుట మన దేశమున ప్రాచీనాచారము. అలీ నవాజ్ జంగు జన్మదినమును తెలంగాణ ప్రభుత్వము 2014 నుండి ఇంజనీర్ల దినముగా జరుపుచున్నది గనుక ఆయనకు కొంత న్యాయము, ఆలస్యముగానైనను, జరిగినదనవలెను.

ఆయన ప్రజ్ఞ సంస్థానమునకే పరిమితము కాలేదు. 1929లో సింధులోని సుక్కూరు బారేజి వ్యవహారములను పరీక్షించుటకు బొంబాయి ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారితోపాటు ఆయననే పిలిచినది. 1938లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘమున నీటిపారుదల ఉపసంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. ఆ నెహ్రూయే 1955 డిసెంబరు 10న నందికొండయొద్ద నాగార్జునసాగరునకు శంకుస్థాపన చేసెను. అచట కృష్ణను కట్టివేయవలెనను ఊహ హైదరాబాదు ఇంజనీర్ల మనస్సులలో చిరకాలము మెదలినదే. అయినను అలీ నవాజ్ జంగు 1949లోనే గతించుటచే ఆ వైభవమును చూడలేదు.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగరునుండి నీరు విడువగా, లాల్ బహదూరు కాలువయనబడు ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూరునగరు, కోదాడ ప్రాంతముల రూపురేఖలను మార్చివేసెను. జొన్న, ఆముదము పండిన చేలు వరిమళ్లయినవి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని స్థిరపడిరి, సరిగా నిజాంసాగరు క్రింద వారి ముందుతరమువారు చేసినట్లే. ధాన్యమువెంట రైసుమిల్లులు వచ్చెను. నేడు మిర్యాలగూడ వానికే ప్రసిద్ధి.

కాని పల్లమునకు పారుటయే స్వభావముగాగల నీటితో పనిచేయువాడు భూమి ఎత్తునకు బద్ధుడు. వాలునంటి సాగు కాలువకు దిగువనున్న పొలము మాగాణి, ఎగువనున్నది మెట్ట. అందుచేతనే నందికొండకు దాపుననే యుండియు దేవరకొండ మెట్టభూములు కృష్ణకై చిరకాలము ఎదురుచూడవలసివచ్చెను. విద్యుత్తుతో నీటిని ఎత్తిపోయు పథకములు వచ్చుదనుక ఆ చిక్కు విడువలేదు.